అక్క పాయింట్లు

గరాజ్‌లో ఉన్న అక్క పాత తెరచాపను నేను విప్పితే ఇంకా సరస్సు వాసన వస్తుంది. ఎనిమిదేళ్ళప్పటి నుంచి చిన్న పడవ నడిపిన అక్క, పదిహేడో ఏట అమెరికా జూనియర్ జట్టు ఎంపిక పోటీలకు వెళ్ళింది. అమ్మాయిలకు ఉన్నది ఒక్కటే చోటు.

పడవ పందెంలో మొదట వస్తే ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు. మొత్తం తక్కువున్నవాళ్ళదే గెలుపు.

"తక్కువొస్తే గెలుపేంట్రా, మనింట్లో ఎప్పుడన్నా ఉందా?" అని అమ్మ నవ్వింది.

నాకప్పుడు పదేళ్ళు. ఒడ్డున కూర్చుని అందరి పాయింట్లూ కూడి చూశాను. అక్కకి పదకొండు, తర్వాతి అమ్మాయికి పద్నాలుగు.

సాయంత్రం జట్టులోకి ఆ అమ్మాయిని పిలిచారు. నా కూడిక తప్పేమోనని కారులో మళ్ళీ కూడి చూశాను.

"అక్కా, నువ్వే ఫస్ట్. వెళ్ళి చెప్దామా?"

అక్క తడి తాడు చుడుతూనే ఉంది. "నీ లెక్క కరెక్టేరా చిన్నా. రేస్‌కి ఎవరైనా రావచ్చంట. టీమ్‌కి మాత్రం సిటిజన్ అయ్యుండాలంట. మాకింకా గ్రీన్ కార్డే రాలేదుగా."

నాన్న కారు స్టార్ట్ చేశాడు. అక్క ఈ తెరచాపను మళ్ళీ విప్పలేదు.

అక్క గుంటూరులో పుట్టింది, నేను అమెరికాలోని అల్ఫారెట్టాలో. ఆ జట్టుకు కావలసిన పాస్‌పోర్టు ఆ రోజు కారులో నా ఒక్కడికే ఉంది. నాకు ఇప్పటికీ ఈత రాదు.