బోణీ కాని పోస్టు

వానాకాలంలో చెమ్మపట్టిన కంప్యూటర్ బోర్డుకు వేడిగాలి తగిలిస్తే ఒక వాసన లేస్తుంది. కాలిన దుమ్ము, కొంచెం సీసం, కొంచెం పాత ఇనప్పెట్టె కలిసిన వాసన. మొన్న ముంబైలో గ్రాంట్ రోడ్డు దగ్గరున్న నా దుకాణంలో అది లేచేసరికి ఎదురుగా నిలబడ్డ గిరాకీ ముక్కు మూసుకున్నాడు. నేను బ్లోయర్ ఆపేసి ఇంకోసారి పీల్చాను. నా మటుకు అది అనసూయక్క గది వాసన. కామాఠిపురా చాల్‌లో, ఒకే వరండాకు వరసగా గదులున్న ఆ పాత మేడలో, మా గదికి రెండు గదుల అవతల ఆవిడ ఉండేది. చీరలకు ఫాల్ కుట్టే మిషన్ పక్కనే, చెమ్మ దిగే గోడకు ఆనించి, ఆవిడ కంప్యూటర్. వానరోజుల్లో దాన్ని ఆన్ చేయగానే వరండా అంతా ఆ వాసన వ్యాపించేది. "అక్క కచేరీ తెరిచింది" అనుకునేవాళ్ళు చాల్ జనం.

ఆవిడను చూడనివాళ్ళకు ఎలా చెప్పాలి? పొట్టి మనిషి. ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, పళ్ళ మధ్య ఎప్పుడూ ఒక దారప్పోగు. తాతలు పాలమూరు నుంచి ఈ ఊళ్ళో గోడలు కట్టడానికి వచ్చినవాళ్ళు. ఆవిడ పదేళ్ళు ఒక సైబర్ కేఫ్ కౌంటర్‌లో కూర్చుని, అది మూతపడ్డాక 'పెట్టె ముచ్చట్లు' అని ఒక ఫోరం మొదలుపెట్టింది. వర్లి, ధారావి, భివండి, సోలాపూర్‌లలో కంప్యూటర్లు బాగుచేసే తెలుగువాళ్ళు తమ అనుభవాలు రాసుకునే చోటు అది. సగంమందికి తెలుగు అక్షరాలు రావు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, మధ్యమధ్య మరాఠీ. అనసూయక్క ప్రతి అక్షరం చదివేది. బూతులు తీసేసేది, కొట్లాటలు చల్లార్చేది, ఏ కథ ఇదివరకు ఎవరు రాశారో గుర్తుపెట్టుకునేది. షుగర్ ముదిరి చూపు మసకబారుతున్నప్పుడు మాత్రం, "ఇగ దీని తాళం ఎవలకన్న అప్పజెప్పాలె" అన్నది. తాళమంటే పోస్టులు ఉంచే, తీసే అధికారం. ఆ మాట విన్న క్షణం నుంచి అది నాకే రావాలని నా పట్టుదల. ఇరవై ఏళ్ళ పొరుగువాణ్ణి. ఆవిడ పెట్టె ఆగిపోయిన ప్రతిసారీ పరుగెత్తింది నేను.

కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి, అడగడం నాకు చేతకాదు, బేరమాడటమే వచ్చు. "అక్కా, నీ పెట్టెల కొత్త ర్యామ్ ఏస్త. ఫుకట్‌ల, పైసా ఒద్దు," అన్నాను.

ఆవిడ దారం కొరికింది. "తాళం కోసమా రా, సేటూ?"

"ఛ, ఛ. ప్రేమతోని."

"ప్రేమకు గ్యారంటీ ఎన్ని నెలలు?"

ర్యామ్ వేయించుకుంది. తాళం మాట ఎత్తలేదు. జీవితంలో నేను ఓడిన మొదటి బేరం అదే అని చెప్పుకుంటాను గానీ, మొదటిది కాదు.

అలాంటి రోజుల్లో యాదగిరి పోస్టు వచ్చింది. వర్లి చాల్ కుర్రాడు, ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసే పని. వానకు ఆగిపోయిన కంప్యూటర్ విప్పి, ర్యామ్ పట్టీ పసుపు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్దితే ఎలా లేచిందో రాశాడు. నాకు ఒళ్ళు మండింది. సరిగ్గా అదే ఉపాయం నేను రెండేళ్ళ కింద రాశాను, బొమ్మలతో సహా. అప్పుడు ఈగ కూడా వాలలేదు. వాడి పోస్టు కింద మధ్యాహ్నానికే అరవై జవాబులు. నేను దుకాణంలో కూర్చుని ఫోన్ తెరిచి చూస్తూ, మూస్తూ, ఒక గిరాకీ కీబోర్డు ధర అడిగితే మౌసు ధర చెప్పాను. సాయంత్రం షట్టర్ దించి నేరుగా అక్క గదికి వెళ్ళాను.

"యాదగిరి పోస్టు తీసెయ్యి అక్కా. పాత మాల్. నేను ఎప్పుడో పెట్టిన ముచ్చటనే."

"ఎర్కనే."

"ఎర్కుండి గూడ ఉంచినవా?"

"నీ దానికి జవాబులెన్నొచ్చినయి?"

"ఒకటి."

"అది గూడ నువ్వే రాసినవ్ గదరా. 'ఎవలన్న సదివిండ్రా' అని." మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి నవ్వింది. "బోణీ గాని సరుకు పాతదెట్లయితది, సేటూ? నలుగురు మాట్లాడుకుంటె గద పాతవడేది."

ఆవిడ పద్ధతే అంత. ఏడాది దాటిన కథను ఎవరైనా మళ్ళీ తేవచ్చు. నెత్తిన పాత సంవత్సరం రాయాలి, కింద మొదటిసారి రాసినవాడి పోస్టుకు దారి చూపాలి. యాదగిరి నా పోస్టు చూడలేదు కాబట్టి ఆ రెండూ ఆవిడే చేర్చింది. మా నాన్న నిరుటి సబ్బులకు కొత్త కాగితం చుట్టి ముందు వరసలో పెట్టేవాడు. పాతదని నుదుటి మీద రాసి మరీ సరుకు బయటపెట్టే దుకాణాన్ని నేను అక్కడే చూశాను. గొప్ప పద్ధతని ఇప్పుడు అంటున్నాను. ఆ సాయంత్రం మాత్రం నాకు కనిపించింది ఒక్కటే: అక్క వాడి పక్షం.

ఇక నేను చేసిన ఘనకార్యం. మా కొట్లో కొత్త సరుకు దిగిన రోజు బాబాయి గిరాకీలా వచ్చి నిలబడేవాడు. "భలే ఉందయ్యా, ఇంకో రెండియ్యి" అని గట్టిగా అనేవాడు. అది చూసి నిజం గిరాకీలు మూగేవాళ్ళు. నేనూ ఫోరంలో ముగ్గురు బాబాయిలను పుట్టించాను. మూడు దొంగ పేర్లు. ఒకడు యాదగిరిది పాత చింతకాయ పచ్చడి అన్నాడు, ఒకడు అసలు ఘనత నాదేనన్నాడు, మూడోవాడు ఫోరం తాళం అనుభవజ్ఞుడి చేతిలో ఉండాలన్నాడు. మర్నాటికి ముగ్గురూ మాయం. రమ్మని ఆవిడ కబురంపితే గదికి వెళ్ళాను.

"ముగ్గురు గిరాకీలొచ్చిండ్రు, సేటూ. ముగ్గురు గూడ ఆఖర్ల 'బలవంతం లేదు, మీరే చూసుకోండి' అని పోయిండ్రు. అది ఎవల దుకాణం మాట?"

రోజుకు ముప్పైసార్లు నేను అనే మాట. తల దించుకున్నాను. "అందరికి చెప్తవా అక్కా?"

"ఎందుకు జెప్త? నవ్వాల్సింది నేను నవ్విన. బస్." కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. "నాకు అక్షరాలు అలుక్కపోతున్నయి. యాదగిరిది జర సదివి వినిపియ్యి."

శిక్షే అనుకోండి. జవాబులు లెక్కపెట్టడమే తప్ప, వాడి పోస్టు అప్పటిదాకా నేను పూర్తిగా చదవలేదు. గట్టిగా చదువుతుంటే తెలిసింది. వాడు రబ్బరు దగ్గర ఆగలేదు. మొదట ఒక ట్యూషన్ టీచరమ్మ కంప్యూటర్‌ను చూసి, బోర్డు పోయిందని చెప్పి కొత్తది వేయించాడట. నెల తర్వాత అదే జబ్బుతో వచ్చిన ఇంకోటి రబ్బరుతో లేచేసరికి తన తప్పు తెలిసిందట. ఆమె ఇంటికి వెళ్ళి తప్పు ఒప్పుకుంటే, ఆమె తలుపు వేసుకుందట. కింద జవాబుల్లో ఎవరూ రబ్బరు గురించి మాట్లాడలేదు. తను ముంచిన గిరాకీని తలుచుకుని, ఎవడి తలుపు గురించి వాడు రాశాడు.

నాకూ ఒక తలుపు ఉంది. రెండేళ్ళ కింద, నా పోస్టు రాసిన వానాకాలంలోనే, నేనూ మా గల్లీ చివర మెస్ నడిపే సాయన్నకు కొత్త బోర్డు అంటగట్టాను. ఉపాయం మర్నాడు తెలిసింది. పోస్టులో ఉపాయం రాశాను, సాయన్నను రాయలేదు. ఆవిడకు ఆ సంగతి తెలుసో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు. చదవడం అయ్యాక, "నీది గూడ మల్ల పెట్టు, సాలు నెత్తిన రాసి," అన్నది. "ఇడిసివెట్టింది గూడ రాయి."

"రాస్తె తాళమిస్తవా?"

"తాళం పొద్దున్నే యాదగిరికిచ్చేసిన."

ఎనిమిది రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ తలుపు ముందు నుంచి వెళ్ళకుండా వెనక మెట్లు దిగాను. మోకాళ్ళ నొప్పులే మిగిలాయి. తొమ్మిదో రోజు సాయన్న మెస్‌కు వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన తలుపు వేసుకోలేదు గానీ, గల్లీ అంతా వినేలా తిట్టాడు. ఆ తిట్లు కూడా కలిపి పోస్టు మళ్ళీ పెట్టాను. పందొమ్మిది జవాబులు వచ్చాయి. మొదటిది యాదగిరిది: "అన్నా, నాకంటె ముందు నువ్వు రాసినవ్, నేను చూడలే. మాఫ్ జెయ్యి." వాడి తెలివి మీద ఉన్న అసూయ చాలదన్నట్టు, ఆ రోజు నుంచి వాడి మంచితనం మీద కూడా మొదలైంది.

నిరుడు అనసూయక్క పోయింది. గది ఖాళీ చేసేటప్పుడు వాళ్ళ చెల్లెలు, "ఇది నీకేమన్న సమజైతదా చూడు," అని ఒక పొడుగాటి నోట్‌బుక్ ఇచ్చింది. ఫోరంలో ఒక్కొక్కరి పేరు, పక్కన ఎవరితో ఎప్పుడు ఏం చేసిందో ఆవిడ రాసుకున్న మాటలు. నేను మొదట నా పేరు వెతకలేదు. యాదగిరిది వెతికాను. ఒకే వరుస ఉంది: "మంచి పిలగాడు." తర్వాత నాది తీశాను. పేజీన్నర. సిగ్గు తర్వాత వచ్చింది, ముందొచ్చింది సంతోషమే. వాడికి రెండు మాటలు, నాకు పేజీన్నర! కోపంలో నేను రాసిన ప్రతి జవాబూ ఆవిడ పట్టించుకుంది. ఏది చల్లారేదాకా ఆపి ఉంచిందో, ఏది నాకు తెలియకుండా సర్దిందో, అన్నీ ఉన్నాయి. చివర్లో, చూపు తప్పి గీత దాటిన అక్షరాల్లో: "మూడు ఖోటా పేర్లు. తీసేసిన. మనిషిని ఉంచిన."

పోయిన వారం యాదగిరి ఫోన్ చేశాడు. "అన్నా, అక్క ఒక నోట్‌బుక్ రాస్తుండె గద, ఏడన్న కనవడ్డదా? ఫోరంకు పనికొస్తది."

"చూస్త తమ్మీ," అన్నాను.

రోజూ తెరిచి చూస్తూనే ఉన్నాను.