రెండు మోరీలు, ఒక రోడ్డు

మున్సిపాలిటీ వాళ్లు మా గల్లీకి రెండు వైపులా మురుగు నీళ్లు పోయే కొత్త మోరీలు కట్టిన ఏడాది, ఎదురింటి ఆపాతో నాకు మాటలు ఆగిపోయాయి.

వికారాబాద్‌కూ తాండూరుకూ నడుమ ఉన్న చిన్న పట్నం మాది. మా ఆయన తాండూరులో రాళ్లు పాలిష్ పట్టే పనికి రోజూ రైల్లో వెళ్లొచ్చేవాడు. నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. ఆపా భర్తది ఆటో. నాకంటే పెద్దది కాబట్టి నేను ఆమెను ఆపా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. వాళ్లింట్లో ఏం వండినా సగం గిన్నె మా ఇంటికి వచ్చేది.

అంతకుముందు గల్లీలో నాపరాళ్ల మోరీలు ఉండేవి. అక్కడక్కడ ఓ రాయి కదిలిందేమో గానీ, నీళ్లు నిలిచిన గుర్తు నాకు లేదు. వాటిని ఎందుకు పగలగొడుతున్నారని అడిగితే కాంట్రాక్టర్ మనిషి "పైసలు మంజూరైనయమ్మా, ఖర్చు పెట్టాలె గద" అన్నాడు. ఆ పనికి మేస్త్రీగా వచ్చింది ఆపా తమ్ముడే. మధ్యాహ్నం అక్క ఇంట్లో అన్నం తిని, మళ్లీ పనిలోకి దిగేవాడు.

మొదటి పెద్దవానకు నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. కుట్టు మిషన్ పెడల్ మునిగింది. కుట్టడానికి ఇచ్చిన బట్టలన్నీ మంచం మీదికి ఎక్కించి బయటికి చూస్తే, ఆపా గడప పొడిగా ఉంది.

"తమ్ముడు కట్టినంక అక్క దిక్కు నీళ్లు ఎట్ల పోతయ్?" అన్నాడు మా ఆయన.

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. ఆ మేస్త్రీ వాళ్ల వైపు మోరీని లోతుగా తవ్వడం చూసినట్టే అనిపించింది. నిజంగా చూశానా అంటే చెప్పలేను. ఆపా గిన్నె పంపితే కడుపు నిండుగా ఉందని తిప్పి పంపాను. మా ఆయన తాండూరు నుంచి విరిగిన బండలు తెచ్చి మా వాకిలి ఎత్తు చేశాడు.

తర్వాతి వానకు నీళ్లు ఆపా ఇంట్లోకి పోయాయి. ఆమె చీపురు పట్టుకుని బయటికొచ్చి మా బండల వంక చూసింది.

"మీరు గీ రాళ్లు పర్చినంక నీళ్లన్నీ మా దిక్కే వస్తున్నయ్ చెల్లె."

"మొన్న మా ఇంట్లకు వచ్చిన నీళ్లు ఎవరు పంపిండ్రు ఆపా?"

ఆమె చీపురు గోడకు ఆనించి, "పా, నీళ్లు ఏడ ఆగినయో ఇద్దరం పోయి చూద్దాం" అంది.

చెప్పులు చేత పట్టుకుని మోరీ వెంబడే నడిచాం. గల్లీ చివర, ఆ ఎండాకాలమే వేసిన కొత్త సిమెంటు రోడ్డు అడ్డంగా ఉంది, మోకాలెత్తు. రెండు మోరీలూ దానికి కొట్టుకుని ఆగిపోయాయి. రోడ్డు కింద తూము లేదు. ఆగిన నీళ్లు వెనక్కి తన్ని, ఏ వాకిలి పల్లంగా ఉంటే ఆ ఇంట్లోకి ఎక్కుతున్నాయి. కవర్లు, సీసాలు తేలుతున్నాయి.

"నా తమ్మున్ని ఈడి దాకనే కట్టుమన్నరంట. రోడ్డు వేరే కాంట్రాక్టర్‌ది, దాని జోలికి పోవద్దన్నరంట" అంది ఆపా.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు మాట్లాడితే గద చెప్పెటందుకు."

వెనక్కి తిరిగి నడుస్తూ నేనే అన్నాను. "మీ తమ్ముని మీద అనుమానపడ్డ ఆపా."

"నేను మీ ఆయన మీద అనుమానపడ్డ" అందామె.

మరునాడు ఇద్దరం మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాం. ఇంజనీరు మమ్మల్ని నిలబెట్టే మాట్లాడాడు. రోడ్డు ఒక పని, మోరీ ఒక పని, దేని ఎస్టిమేటు దానిదేనని చెప్పాడు.

"నీళ్లు ఒక్కటే గద సారు" అన్నాను.

ఆయన ఫోను చూసుకున్నాడు. బయటికొస్తూ ఆపా మెల్లగా అంది, "వీళ్లకు తెల్వక కాదు చెల్లె. ఏడాదికో పని మిగుల్చుకుంటున్నరు." అది నిజమో కాదో ఇప్పటికీ మాకు తెలియదు. కానీ అప్పటి నుంచి కొలత టేపు పట్టుకుని గల్లీలోకి ఎవరొచ్చినా ఇద్దరం బయటికొచ్చి నిలబడేవాళ్లం.

చలికాలంలో ఆ కొత్త రోడ్డును అడ్డంగా కోశారు. తూము పైపులు పక్కన దించి వెళ్లిపోయారు. గుంతలో ఒక ఆటో పడ్డాక గానీ మళ్లీ రాలేదు. చివరికి పైపు వేశారు, అదీ మోరీ అడుగుకు జానెడు పైన. వాన గట్టిగా పడితే నీళ్లు అవతలికి పోతాయి. మిగతా రోజుల్లో జానెడు మురుగు కదలకుండా నిలుస్తుంది. ఇళ్లలోకి నీళ్లు రావడం ఆగింది, దోమలు వచ్చాయి.

మొన్న మళ్లీ మనుషులొచ్చారు, మోరీల మీద సిమెంటు మూతలు వేస్తారట.

"మూత వేసినంక లోపల నీళ్లు ఆగినయా పోయినయా ఎట్ల తెలుస్తది?" అని ఆపా అడిగింది.

"కనవడకుంటేనే మంచిగుంటది గదమ్మా" అన్నాడు వాళ్లలో ఒకడు.

మా రెండిళ్ల ముందర మాత్రం మూతలను సిమెంటు పెట్టి బిగించనివ్వలేదు మేం. వాళ్లు గొణుక్కుంటూ ముందుకు పోయారు. సాయంత్రం ఆపా, నేను చెరో వైపు పట్టి ఒక మూత లేపి, లోపలికి వంగి చూశాం.