గోడ అవతల చదివిన అంకెలు

సర్వేయింగ్ ఆఖరి సంవత్సరంలో మా ప్రాజెక్టు నాచారం ఫ్యాక్టరీల వెనక సందుల్లో వాననీటి కాలువకు ఎత్తులు తీయడం. ఉప్పల్ వైపు కల్వర్టు గోడమీద చెక్కిన గుర్తు దగ్గర మొదలుపెట్టి, లెవెల్ యంత్రంతో సందులన్నీ కొలుచుకుంటూ వెళ్లి, మళ్లీ కొలుచుకుంటూ అదే గుర్తుకు రావాలి. బయలుదేరిన ఎత్తుకీ తిరిగొచ్చిన ఎత్తుకీ ఎంత తేడా ఉంటే అంత మన తప్పు. ఎవరికైనా కొంత వస్తుంది.

అప్పటికి మా పాపకు ఏడు నెలలు. చెంగిచెర్లలో అత్తమ్మ దగ్గర వదిలి వచ్చేదాన్ని. కన్ను యంత్రంలో ఉన్నా చెవి ఫోను మీదే. ఆ రోజు తిరుగు కొలతలు సగంలో ఉండగా అత్తమ్మ ఫోన్ చేసింది.

"పిల్ల ఒళ్లు జర ఎచ్చగున్నది. ఫికర్ జెయ్యకు, పని జేస్కొనే రా."

ఫికర్ జెయ్యకు అన్నాక ఇక నా కాళ్లు నిలవలేదు. స్టాఫ్, అంటే అంకెలున్న పొడుగాటి కర్ర, పట్టుకునేది నా స్నేహితురాలు. కాకినాడ వైపు పిల్ల.

"నువ్వు వెళ్లవే. మిగతాది రేపు చూసుకుందాం," అంది.

రేపు యంత్రం ఇంకో జట్టుకు ఇవ్వాలి. శనివారంలోగా గైడు సార్ సంతకం పడకపోతే ఏడాది పోతుంది.

"మిగతావి ఇంట్లో కూర్చుని రాసేస్తాను," అన్నాను. తను స్టాఫ్ మడిచింది.

పాపకు మందు వేసి, పక్కనే కూర్చుని రాశాను. వెళ్లేటప్పటి అంకెల్ని కాస్త అటూ ఇటూ మార్చి, తప్పు రెండు మిల్లీమీటర్లే వచ్చేలా కుదిర్చాను. తొందరలో, యంత్రం నిలపాల్సిన రెండు చోట్లు ఎగరగొట్టాను. మధ్య మధ్యలో పాప నుదురు ముట్టుకుని చూస్తూనే ఉన్నాను.

మర్నాడు గైడు సార్ ఆ పేజీని చాలాసేపు చూశారు.

"ఏందమ్మా, నీ లెవెల్ గోడలకెల్లి గూడ సూస్తదా?"

నాకు అర్థం కాలేదు. ఆయన మ్యాపు మీద వేలు పెట్టారు. మలుపు దగ్గర నేను ఆ రెండు చోట్లూ వదిలేయడంతో, యంత్రానికీ స్టాఫ్‌కీ మధ్య ఒక ఫ్యాక్టరీ ప్రహరీ నిలబడి ఉంది.

"అసుంటి మిషన్ మాకు గూడ ఒకటి ఇప్పియ్యి," అన్నారు, నవ్వకుండా.

పాప జ్వరం సంగతి నోటిదాకా వచ్చింది. పాపను అడ్డం పెట్టుకున్నట్టు ఉంటుందని మింగేశాను.

"శుక్రవారం మిషన్ ఇస్త. పోయి సూసి రా. తప్పు ఎంతొస్తే అంత రాయి. గిట్ల మాత్రం రాస్క రాకు."

శుక్రవారం అత్తమ్మ పాపను చంకనేసుకుని తనే వచ్చి, టీ కొట్టు బల్లమీద కూర్చుంది.

"గా గొట్టంల ఏం కనబడ్తది?"

"అంకెలు అత్తమ్మా."

"గా అంకెలు సదవనీకి నాలుగేండ్లా? నిమ్మళంగ సూడు. జరం దిగింది, పిల్ల నా కాడున్నది."

అయినా పాప కుయ్యిమన్నప్పుడల్లా అంకె మర్చిపోయి మళ్లీ చదివాను. ఎండలో స్టాఫ్ కదలకుండా పట్టుకుని స్నేహితురాలు అంది, "గోడ ఏదైనా అడ్డమొస్తే చెప్పవే, పక్కకి జరగమంటాను."

తప్పు పంతొమ్మిది మిల్లీమీటర్లు వచ్చింది. ఒప్పుకునే హద్దులోనే ఉంది.

శనివారం సార్ కొత్త కొలతలన్నీ చూసి పెన్ను మూత తీశారు. సంతకం పెట్టకుండానే, నేను ఇంట్లో రాసిన పేజీ దాకా వెనక్కి తిప్పారు.

"ఆ పేజీ తీసేస్తాను సార్," అన్నాను.

"ఫీల్డ్ బుక్కుల పేజీ చింపొద్దు, రబ్బరు పెట్టొద్దు. మొదటి రోజే జెప్పిన. ఒక్క గీత కొట్టి, ఎందుకు కొట్టినవో కింద రాయి. గప్పుడు సంతకం."

వైవాకు బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ చూసేది ఈ పుస్తకమే. నా చెయ్యి ఆగిపోయింది. సార్ పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నారు. చివరికి రాశాను: ఈ అంకెలు చూసినవి కావు, ఇంట్లో రాసినవి. దాని కిందే ఆయన సంతకం పెట్టారు.

వైవా రోజు ఎగ్జామినర్ ఒక్కో పేజీ తిప్పుతూ వచ్చారు. ఆ పేజీ దగ్గర ఆగారు.

"ఇది రాసింది ఎవరు?"

"నేనే సార్."

"అంకెలా, కింద ఉన్న మాటా?"

"రెండూ."

ఆయన పేజీ తిప్పి, పంతొమ్మిది మిల్లీమీటర్లు ఎక్కడెక్కడ వచ్చి ఉంటాయో చెప్పమన్నారు. యంత్రం కాలు మెత్తటి మట్టిలో దిగిన చోటు చెప్పాను. పాప ఏడుపుకి తడబడి అంకె రెండుసార్లు చదివిన చోటూ చెప్పాను.

మార్కులు బాగా తగ్గించారు. ఏడాది మాత్రం పోలేదు.