ఎద్దుచ్చ గీత

నాచారంలో ఫ్యాక్టరీలు అప్పుడప్పుడే లేస్తున్న రోజులు. ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం దొరికి, సికింద్రాబాద్ నుంచి వచ్చి మా అమ్మ వాళ్ల నాన్న దగ్గర ఉండేదాన్ని. తాతకు ఒంటెద్దు బండి ఉండేది. ఉప్పల్ దాకా ఇటుకలు తోలేవాడు.

వంకరగా పోయేది ఏదైనా తాతకు ఎద్దుచ్చే. నా చేతిరాత, తాగి వచ్చేవాడి నడక, మేస్త్రీ కట్టిన గోడ. ఎద్దు నడుస్తూనే ఉచ్చ పోస్తుంది, దుమ్ములో మెలికలు పడతాయి. ఆవు నిలబడి పోస్తుంది, ఒక్కచోటే మడుగు. అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి నాకు తాత చెబితేనే తెలిసింది.

పక్కింటాయన మీద నాకు మొదటినుంచీ అనుమానమే. మా ఎద్దు ఆయన జొన్నసొప్ప వామి వైపు తల తిప్పితే చాలు, “కాకా, ఇంకోపాలి దొరికితే బందెలదొడ్డికి తోలుత” అనేవాడు. జరిమానా కట్టేదాకా ఎద్దును అక్కడ మూసేస్తే తాతకు పని లేదు. దాన్ని చవగ్గా కొట్టేయాలనే ఈ సాకులన్నీ అని నా లెక్క.

ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే వామి ఒక పక్క కూలి ఉంది. అక్కడినుంచి మా కొట్టం దాకా తడి ఆరని మెలికలు. కొట్టంలో ఎద్దు పలుపు ఊడి ఉంది. రాత్రి దాన్ని కట్టేసింది నేనే. అయినా ఆయనే విప్పి ఉంటాడనుకున్నాను. గీతనంతా చెప్పుకాలితో చెరిపేశాను.

ఆయన లేచి వచ్చేసరికి నేనే ముందు ఎగబడ్డాను.

“మామా, నీ ఆవే తిన్నదేమో సూస్కో! మా మీద పడతవేంది?”

“ఆవైతే మడుగుండాలె గద పిల్లా” అన్నాడు నేలకేసి చూస్తూ. “ఎవలో కాలుతోని చెరిపిన్రు. చెరిపింది సుత ఎద్దుచ్చ లెక్కనే ఉన్నది, సూడు.”

నిజమే. మెలిక మెలికకూ నా చెప్పు తిరిగింది. ఆ మన్ను ఇంకా చెప్పుకే ఉంది.

బయటికి వచ్చిన తాత నా కాళ్లు చూసి, ఆయనవైపు తిరిగాడు. “మా ఎద్దే తిన్నది బిడ్డా.”

“ఎద్దు తింటే పశువే గదా అని ఊకుందును కాకా. ఈ చెరుపుడేంది? ఇగ మీ మాటెట్ల నమ్మాలె?”

తాత తనే పలుపు పట్టుకుని ఎద్దును బందెలదొడ్డివైపు నడిపించాడు. వెనకాలే పోయాను.

“తాతా, ఆయనే ఇప్పిండేమో...”

“ముడి ఎవలేసిన్రు?”

“నేనే.”

“గట్టిగేసినవా?”

రోడ్డెక్కగానే ఎద్దు నడుస్తూనే పోయడం మొదలుపెట్టింది. ఆ గీతను తొక్కకుండా, పక్కకు జరిగి నడిచాను.