అప్పుడు ఆవిడేమన్నారు?

ఆ డాక్టరమ్మ ముఖం నేనెన్నడూ చూడలేదు. ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వెలసిన రోజులు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక అలాంటి సెంటర్లో కూర్చుంటే, కాపురం చిక్కులు వినే ఆ మానసిక నిపుణురాలు కంప్యూటర్ తెర మీద దొరికేది.

నా చిక్కల్లా, మా ఆవిడ నాతో మాట మానెయ్యడం. ఆమె వండిన బిర్యానీ తిని ముగ్గురు దవాఖానలో పడ్డారని బావమరిది పెళ్లిలో కోతలు కోశాను మరి.

డాక్టరమ్మ దగ్గరా కోతలు మానలేదు. నాంపల్లి స్టేషన్లో కదిలే రైలును ఆపి మరీ భార్యను బతిమాలానన్నాను. డాక్టరమ్మ నమ్మానననూ లేదు, కాదననూ లేదు. ఎప్పటిలాగే ఒక్క ముక్క టైపు చేసింది: "అప్పుడు ఆవిడేమన్నారు?"

రైలునైతే ఆపాను గానీ, మా ఆవిడ మాట మాత్రం కల్పించలేకపోయాను. ఏం రాసినా ఆమె అన్నట్టు లేదు. ఇంటికెళ్లి సంగతంతా చెప్పి, "జర ఏమన్న అనరాదే, డాక్టరమ్మకు చెప్పాలె" అన్నాను.

"నన్నెప్పుడన్న అననిచ్చినవా?" అంది.

మర్నాడు అదే టైపు చేశాను. ఈసారి తెర మీద, "ఇది ఆవిడ మాటే" అని వచ్చింది.

ఇంటికి రాగానే మా ఆవిడ గుమ్మంలోనే నిలేసింది.

"కోతలు కొయ్యకుండ చెప్పు. అప్పుడు గామె ఏమన్నది?"