మా అత్త ఏడున్నరేళ్ళు

మొన్న మా మనవరాలు బడి నుంచి ఒక ప్రశ్నల కాగితం తెచ్చింది. గ్రహాల గురించి అందరూ అడిగే ప్రశ్నలట, పదో పన్నెండో ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద గ్రహం ఏది, అంగారకుడు ఎర్రగా ఎందుకుంటాడు, సూర్యుడికి దగ్గరున్న బుధుడికన్నా శుక్రుడే ఎందుకు ఎక్కువ వేడి, ఇలా. నేను అడుగుతుంటే అది టకటకా చెబుతోంది. ఐదో ప్రశ్న దగ్గర నా నోరు ఆగిపోయింది. శని సూర్యుని చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి ఎంతకాలం పడుతుంది? కాగితం పిల్ల చేతిలో పెట్టి, పొయ్యి మీద పాలున్నాయని అబద్ధం చెప్పి వంటింట్లోకి పోయాను. అక్కడ కడిగిన గిన్నెలనే మళ్ళీ కడుగుతూ ఎత్తెత్తి వేస్తుంటే మా కోడలు వచ్చి ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాను. అది రెండో అబద్ధం. యాభై ఏళ్ళ కిందటి కోపం గిన్నెల మీద చూపిస్తున్నానని కోడలికి ఎట్లా చెప్పేది?

అప్పట్లో మేము పాతబస్తీలో, చార్మినార్ వెనక సందులో ఉండేవాళ్ళం. కింద గాజుల దుకాణం, పైన ఇల్లు, ఆ పైన డాబా. మా తాత గాజుల టోకు వ్యాపారి. ఉత్తరాది నుంచి చెక్కపెట్టెల్లో, ఎండుగడ్డి చుట్టుకుని గాజులు వచ్చేవి. ఆ గడ్డి వాసన మా పరుపుల్లో ఉండేది, బట్టల్లో ఉండేది, ఒక్కోసారి పప్పులో కూడా పరక తేలేది. గాజులను రెండేసి చేతిలోకి తీసుకుని, ఒకదానికొకటి మెల్లగా తాకించి, మోతను బట్టి పగుళ్ళున్నవి ఏరడం మా ఇంట్లో ఆడవాళ్ళ పని. మంచి గాజు గలగలమంటుంది. పగులు పట్టినది కంటికి ఎంత నిగనిగలాడినా టక్కుమని ఊరుకుంటుంది. ఆ పనిలో మా అత్తను మించినవాళ్ళు లేరు. అత్తంటే మా నాన్న చెల్లెలు. నాయనమ్మ పోయాక ఇంటి తాళాలు ఆమె నడుముకే ఉండేవి. ఆ తాళాలు దోపుకునే రోజూ బస్సెక్కి కాలేజీకి పోయి బి.ఎస్సీ. పాసైంది. చేతులు గాజుల మీద, కళ్ళు ఒళ్ళోని పుస్తకం మీద పెట్టుకుని చదివిన చదువది. చదువు అయ్యాక టీచరు కావాలని ఒకటే పట్టు పట్టి, సర్కారు బళ్ళకు దరఖాస్తు పెట్టుకుంది.

ఆ ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లోనే సాయంత్రాలు మమ్మల్ని డాబా మీద పోగు చేసేది. పెరటి తాడుకు సుద్దముక్క కట్టి, ఒక మేకు చుట్టూ తిప్పి తొమ్మిది గీతలు గీసేది. నడుమ బోర్లించిన ఇత్తడి బిందె సూర్యుడు. ఒక్కో గీత మీద ఒక్కో పిల్లను నిలబెట్టి తిరగమనేది. పక్కింటి జరీ పనివాళ్ళ కూతురు బక్కగా, మిడతలా ఉండేది కాబట్టి ఆమె బుధుడు. నేను కాస్త బొద్దుగా ఉండేదాన్ని, నడకా నిదానమే, అందుకని నన్ను శనిని చేసింది. ఆ పిల్ల బిందె చుట్టూ నూట ఇరవై సార్లు ఉరికేలోగా నేను ఒక్క చుట్టు పూర్తి చేయాలి. అంటే దాదాపు నిలబడే ఉండాలి. నాకది ఎంత అవమానంగా ఉండేదో చెప్పలేను. ఏడుపుమొహం పెడితే అత్త నా చెవిలో, "ఉంగరాలు నీకే ఉన్నయ్ గద. గంత అందం ఇంక ఎవ్వరికి లేదు" అనేది. దాంతో ఉబ్బిపోయి ఇంకా మెల్లగా నడిచేదాన్ని.

ప్రశ్నలకు అంతుండేది కాదు. చుక్కలు మిణుకుమంటుంటే శుక్రుడు ఎందుకు మిణుకుమనడు? గుళ్ళో నవగ్రహాల్లో ఉన్న రాహువు, కేతువు ఈ గీతల్లో ఎక్కడున్నారు? భూమి తిరుగుతుంటే మనం ఎందుకు పడిపోం? ఆ చివరిది బుధుడి ప్రశ్న. "జమీన్ ఘూమ్‌తీ బోలే తో హమ్ గిర్తే కైకు నై, ఆపా?" అని నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలదీసేది. అత్త ఒక్క ప్రశ్నకూ కసురుకునేది కాదు. తనకు తెలియనిది తెలియదనేది, మర్నాడు తెలుసుకొచ్చి చెప్పేది. నేను తర్వాత చాలామంది మేష్టార్లను చూశాను. తెలియదని చెప్పగలిగినవాళ్ళు అందులో ఇద్దరో ముగ్గురో ఉంటారు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఉత్తర్వు వచ్చింది. నది అవతల ఒక సర్కారు బడిలో సైన్సు టీచరు పోస్టు, పదిహేను రోజుల్లోగా చేరాలి. అత్త ఆ కాగితాన్ని మడతలు నలగకుండా దేవుడి దగ్గర పెట్టింది. తాత దాన్ని తీసుకుని తన పంచాంగంలో పెట్టుకున్నాడు. పెట్టె తెరవాలన్నా, దుకాణానికి సున్నం వేయాలన్నా పంచాంగం చూసే మనిషి. పంతులు వచ్చాడు, జాతకం విప్పాడు. అత్తది మఖ నక్షత్రం, సింహరాశి. శని కర్కాటకంలో ఉన్నాడు, ఏలినాటి శని మొదలైంది, ఏడున్నరేళ్ళు కొత్తగా ఏదీ మొదలుపెట్టకూడదు అన్నాడు. శాంతి చేయిస్తే సరిపోదా అని మా నాన్న గొణిగాడు. "దుకాణం సంగతి వేరు, ఆడివిల్ల గడప దాటే సంగతి వేరు. గీ దానికి శాంతి చాలది" అన్నాడు పంతులు. మా నాన్న మళ్ళీ నోరెత్తలేదు. అంతకుముందు మూడేళ్ళు ఆమె రోజూ గడప దాటే కాలేజీకి పోయిందని ఆ గదిలో అందరికీ తెలుసు.

అత్త మాత్రం ఊరుకోలేదు. రెండు రోజులు తాతతో వాదించింది. శని అంటే ఆకాశంలో తిరిగే ఒక గుండ్రటి గ్రహమే తప్ప మనుషుల ఉద్యోగాలు చూసే అధికారి కాదని చెప్పింది. తాతకు ఒక నమ్మకం ఉండేది. అచ్చులో పడ్డది అబద్ధం కాదని. ధరల పట్టీ అయినా, మందు సీసా మీది కాగితం అయినా, అచ్చయితే చాలు. అత్తకు అది తెలుసు కాబట్టి, బడి పుస్తకం చూసుకోమంది. తాత మెత్తబడ్డాడు. మూడో రోజు పొద్దున పంతులుండగానే నన్ను పిలిచి, "నీ బుక్కుల శని గురించి ఏం రాసిండ్రు? సదువు బిడ్డా" అన్నాడు. అత్త నావైపు చూసి తలూపింది.

పుస్తకంలో శని మీద ఏడెనిమిది వాక్యాలున్నాయి. వాయువులతో నిండిన గోళమని ఉంది, చుట్టూ వలయాలున్నాయని ఉంది, గడ్డకట్టే చలి అని ఉంది. వాటిలో ఏది చదివినా కథ వేరేగా ఉండేదేమో. నేను డాబా మీద శనిని కదా, నాకు బాగా తెలిసిన వాక్యం చదివాను. గొంతు పెంచి, బడిలో చదివినట్టు చదివాను. "శని సూర్యుని చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి సుమారు ఇరవై తొమ్మిదిన్నర సంవత్సరాలు పడుతుంది."

పంతులు వేళ్ళ కణుపుల మీద లెక్క పెట్టాడు. "అంటే ముప్పై అనుకో సేటూ. పన్నెండు రాశులు. ఒక్క రాశిల రెండున్నరేండ్లు. ముందుది, నడుమ నీ బిడ్డ రాశి, ఎన్కది, మూడు రాశులు కలిపితే ఎంత? ఏడున్నర. చూసినవా, సర్కారు బుక్కు గుడ గదే చెప్తున్నది" అన్నాడు. తాత మొహం వెలిగిపోయింది.

"బాపు, జర ఇను" అంది అత్త. "మన గోడ గడియారం ఆరు గొడితే ఆరైనట్టే. అది నిజమే. ఆరైతే నేను నౌకరీకి పోవద్దని ఆ గడియారంల యాడున్నది?"

"లెక్క సరిగ్గున్నంక ఫలితం తప్పెట్లైతది బిడ్డా" అన్నాడు తాత. అంతే. పదిహేనో రోజు వచ్చింది, పోయింది. ఆ పోస్టులో ఎవరో చేరారు.

నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఇక్కడే. వాళ్ళు లెక్క తప్పు వేసి ఉంటే ఇంత మండేది కాదు. లెక్క సరైనదే. వందల ఏళ్ళ కిందట ఎవరో మహానుభావులు రాత్రుళ్ళు మేలుకుని, ఆ చుక్కను కనిపెట్టుకుని, ఏ యంత్రమూ లేకుండా అది ఎన్నేళ్ళకు తిరిగొస్తుందో తేల్చారు. వాళ్ళకు దండం పెడతాను. అంతటి లెక్కను తెచ్చి ఒక ఆడపిల్ల కాళ్ళకు కట్టిన వాళ్ళను మాత్రం క్షమించలేను. ఆమె మాకు చెప్పిన పాఠంతోనే ఆమె నోరు మూయించారు, అదీ నా చేత చదివించి.

ఇంతటితో అయిపోయినా ఏదో పాతకాలపు మనుషులని సరిపెట్టుకునేదాన్ని. నాలుగు నెలలు తిరక్కుండానే తాత కార్వాన్‌లో రెండో దుకాణం తెరిచాడు. తాతదీ సింహరాశే. అదే మఖ, అదే శని, అదే ఏడున్నరేళ్ళు. పంతులు వచ్చి శనివారం పూట నువ్వుల నూనెతో అభిషేకం చేయించి, నల్లగుడ్డ, నువ్వులు పట్టుకుపోయాడు. దుకాణానికి మామిడాకులు కట్టారు. ఆ రోజు పదిమందిలో నేను అడిగాను. "తాతా, నీకైతే నూనె పోస్తే శని ఊకున్నడు. మరి అత్తకెందుకు ఊకుంటలేడు?" మా నాన్న నా చెంప మీద కొట్టాడు. మూడు రోజులు తన తండ్రి ముందు నోరు పెగలని మనిషికి నా మీద చెయ్యి మాత్రం బాగానే లేచింది. అత్త నన్ను లోపలికి తీసుకుపోయి మొహం కడిగింది. ఆమె మళ్ళీ డాబా మీద గీతలు గీయలేదు. మేము అడిగితే మోకాళ్ళు నొస్తున్నాయనేది. ఇరవై రెండేళ్ళ మనిషి.

ఏడున్నరేళ్ళూ గడిచాయి. ఒకరోజు పొద్దున, అత్త పెట్టె ముందు కూర్చుని గాజులు ఏరుతుంటే తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. పంచాంగంలోంచి పచ్చబడిన ఆ ఉత్తర్వు తీసి ఆమె ముందు పెట్టాడు. "శని ఇడిసిపెట్టిండు బిడ్డా. ఇగ నౌకరీ చేస్కో, నేనేమనను" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, అదే నాకు ఇంకా కోపం. అత్త చేతులు ఆగలేదు. "సర్కారు నౌకరీకి ఏజ్ దాటిపోయింది బాపు. శని ఎంబడే అది గుడ పోయింది" అంది. తాత లేచి బజారుకు పోయి జిలేబీ పొట్లం తెచ్చాడు. అత్త పొట్లం విప్పి గల్లీ పిల్లలకు పంచిపెట్టింది. తర్వాత పెళ్ళి ఒద్దంది, ఆ విషయంలో మాత్రం ఎవరి మాటా వినలేదు. ఇంట్లోనే ట్యూషన్లు చెప్పింది, ఎంతోమంది పిల్లలు పైకొచ్చారు. ఏ బడి హాజరుపట్టీ మీదా ఆమె సంతకం పడలేదు.

ఇప్పుడు ఆమె గుడిమల్కాపూర్‌లో మా తమ్ముడి దగ్గర ఉంటోంది. ఆ గిన్నెల రోజు సాయంత్రం ఫోన్ చేశాను. ఇన్నేళ్ళూ అడగలేనిది అడిగాను, ఆ వాక్యం చదివినందుకు నన్ను మాఫ్ చెయ్యమని. "నువ్వు సదివింది నిజమే గద. నిజం సదివినందుకు మాఫీ ఏంది పిచ్చిదానా" అంది. ఆ మాటకు నా గుండె తేలిక పడాలి. పడలేదు. తాత లేడు, పంతులు లేడు, మా నాన్నా పోయాడు. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు గానీ, నా విషయంలో అది చేసిందల్లా, నేను నిలదీయవలసిన వాళ్ళను ఒక్కొక్కరినే తీసుకుపోయి, కోపాన్ని మాత్రం నా దగ్గర వదిలేయడం.