ఎర్ర పట్టీ దగ్గరి వరుస

మా కాశప్పన్న జీవితంలో ఒక్క వరుసను కూడా పోగొట్టుకోలేదు. గొడుగులు పోగొట్టుకున్నాడు, బస్సులు పోగొట్టుకున్నాడు, పెళ్లినాటి ఉంగరాన్ని కందిచేలో పోగొట్టుకున్నాడు. కాని కంప్యూటర్ తెర మీద ఏ వరుస ఎక్కడుందో, జరిగితే ఎటు జరిగిందో ఆయనకు తెలియని నిమిషం లేదు.

బీదర్ పక్కన కొల్హార్‌లో సీసా మూతలు చేసే చిన్న కార్ఖానా మాది. మూతల మిషన్ నిమిషానికోసారి తన వేడినీ ఒత్తిడినీ కంప్యూటర్లో ఒక వరుసగా రాసుకుంటుంది. ఆ వరుసలు చదువుతూ, వేడి పెరిగితే మిషన్ దగ్గరున్న మల్లప్పను కేకేయడం మా గది పని. గదిలో ముగ్గురం: కాశప్పన్న, మహానందక్క, నేను. బొమ్మలూ రంగులూ లేని పాత కంప్యూటర్లు. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. అలాగే చూస్తూ కూర్చుంటే నల్లరేగడిలో అప్పుడే లేచిన పెసర మొలకల్లా ఉండేవి. ఒక్కోసారి గాలికి ఊగినట్టు కూడా అనిపించేది.

ఆ వరుసలు చూపించే ప్రోగ్రామ్ కాశప్పన్న సొంతంగా రాసిందే.

"ఫైలు మంజీర అంత పొడుగుంటది దత్తూ," అనేవాడు నాతో. "తెర మన దోసిలంత. దోసిట్ల ఇరవై నాలుగు వరుసలే పడ్తయ్. కిందికెల్లి ఒకటొస్తె పైకెల్లి ఒకటి జారిపోతది. ఏది ఏ వేలి మీద ఉన్నదో తెల్వకుంటె నీళ్లు తాగినట్టేనా?"

అందుకని ప్రోగ్రామ్ లోపల ఇరవై నాలుగు గళ్ల పట్టిక ఒకటి కట్టాడు. తెర మీది మొదటి వరుస ఫైలులో ఎన్నో అక్షరం దగ్గర మొదలైంది, రెండోది ఎక్కడ, మూడోది ఎక్కడ, అన్నీ అందులో ఉంటాయి. తెర ఒక్కడుగు జరిగితే పట్టిక కూడా దాని కొంగు పట్టుకుని ఒక్కడుగు జరుగుతుంది.

ఇంతవరకైతే అది పని. పిచ్చి బయట మొదలయ్యేది.

బీదర్ నుంచి తన ఊరు చింతకికి పోయే బస్సులో కిటికీ ఆయనకు తెర. వేపచెట్టు వెనక్కి జారింది, తుమ్మచెట్టు నడుమకు వచ్చింది, ముందునుంచి పంపుసెట్టు గది వస్తోంది... అలా ఒకసారి ఆయన దిగవలసిన చింతకి కూడా కిటికీలోకి వచ్చి, నడుమకు వచ్చి, మెల్లగా వెనక్కి జారిపోయింది.

"దిగవా ఏందన్నా?" అన్నాడట కండక్టర్.

"దిగితె తెర పోతది గదనే!" అన్నాడట ఈయన.

భార్య తాయవ్వ వదిన బాధ వేరు. ఒకరోజు పొద్దున ఆమె ఆయన్ని మంచి ఊపు మీద తిడుతుండగా గ్యాస్ బండ వచ్చింది. తిట్టు సగంలో ఆగింది. సాయంత్రం ఇంటికి పోగానే ఆయన చెప్పులు విడుస్తూ, "'నిన్ను చేసుకున్నప్పటి సంది' కాడ ఆపినవ్. ఆడికెల్లి షురూ చెయ్" అన్నాడు.

"మొగుడన్నంక తిట్లు మర్శిపోవాలె," అని వదిన నా దగ్గర మొర పెట్టుకుంది. "ఈయన గుర్తువెట్టుకొని అందిస్తుండు. నవ్వొచ్చినంక ఏం తిడ్తం చెప్పు మరిదీ?"

ఫిలిప్పు చాయ్ బండి దగ్గర ఆయన చెప్పే బర్రె కథ తొమ్మిది నెలలుగా నడుస్తోంది. వాళ్ల మేనమామ బర్రె ఒకటి దావత్‌లోకి ఉరికొచ్చిన కథ. చెబుతుండగా ఎయిర్‌ఫోర్స్ విమానం నెత్తిమీదుగా పోతుంది, మాట వినబడదు, ఈలోగా చాయ్ అయిపోతుంది. మూడు రోజుల తర్వాత అదే బండి దగ్గర, నమస్తే కూడా చెప్పకుండా, "షామియానా గుంజను కొమ్ముకు తగిలించుకొని..." అని అందుకుంటాడు. పక్కనున్న కొత్తవాళ్లు ఉలిక్కిపడి కప్పులు జరుపుకుంటారు.

నిజం చెప్పాలంటే ఈ పిచ్చి ఒకప్పుడు మాటలేని పిచ్చి. రెండేళ్ల కిందటే దానికి నోరొచ్చింది. ఒక పొద్దున వస్తూనే మా మూడు తెరల అంచున, సరిగ్గా నడిమి ఎత్తులో, ఎర్ర టేపు ముక్క ఒక్కొక్కటి అతికించాడు. ఇక ఏ వరుస చదివినా ప్రోగ్రామ్ దాన్ని ఆ పట్టీ దగ్గరికే తెస్తుంది. ఒక బటన్ నొక్కితే అక్షరాలు జొన్నరొట్టెల్లా ఉబ్బుతాయి. ఇరవై నాలుగు వరుసల తెరలో ఎనిమిదే మిగులుతాయి. మిగతావన్నీ కింద మీద పడినా, పట్టీ దగ్గరి వరుస మాత్రం చెరువులో కొంగలా కదలకుండా నిలబడుతుంది. ఆపైన రోజంతా వరుస నంబర్ల కేకలు: "పట్టీ కాడ డెబ్బై నాలుగు! పట్టీ కాడ డెబ్బై అయిదు!"

"గింత పెద్దక్షరాలెందుకన్నా?" అన్నాను.

"కండ్లు మసకవడ్డయ్ తమ్మీ."

అదే సాయంత్రం ఫిలిప్పు దగ్గరి బిస్కెట్ పొట్లం మీది చీమతలకాయ అక్షరాలను ఆరడుగుల దూరం నుంచి చదివి, తారీఖు దాటిందని కొట్లాడాడు.

ఈ జూన్‌లో కొత్త మేనేజర్ సంగమేష్ రంగురంగుల ప్రోగ్రామ్ ఒకటి తెచ్చాడు. కాశప్పన్న దాని ముందు కూర్చుని అక్షరాలను పెద్దవి చేశాడు. చేసి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఉరికింది!"

"ఎవరు?" అన్నాడు సంగమేష్.

"వరుస! నడుమల ఉండె. పెద్దగ చేస్తె ఎటో పోయింది."

"జర వెతుక్కో అన్నా. ఏమైతది?"

"నువ్వు మూతి కాడికి తేంగనె చాయ్ కప్పు బల్లకిందికి పోతె, వెతుక్కుంట తాగుతవా?"

అందరం నవ్వాం. మహానందక్క నవ్వలేదు. సంగమేష్‌కు కోపమొచ్చింది.

"సోమవారం సేట్ ముందట పరీక్ష. ఒక్కటే ఫైలు, రెండు ప్రోగ్రాములు. ఏది ముందు తప్పు పట్టిస్తె గదే ఉంటది. కొత్తదాంట్ల చదవరాకుంటె గాళ్లకు ఈ గదిల పని లేదు. నల్ల తెర తరఫున ఎవరు చదువుతరు? రాసినాయన కాదు, మహానందక్క చదవాలె."

శనివారం కాశప్పన్న సోయా విత్తడానికి చింతకికి పోయాడు. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, బయట పడుతున్న సన్నటి తుంపర కూడా వినిపించింది. కొంతసేపటికి మహానందక్క మెల్లగా అంది.

"దత్తూ... పట్టీ కాడ ఏమున్నదో జర ఒక్కసారి చెప్పవా?"

తిరిగి చూశాను. పువ్వు వాసన చూస్తున్నట్టు ఆమె ముఖం తెరకు ఆనుకుని ఉంది.

"రెండేండ్లాయె," అంది. "చిన్నక్షరాలు తడిసిపోయినట్టు కనవడ్తయ్. చూపు ఇంతకంటె తగ్గదన్నడు డాక్టరు. పెద్దగ చేస్తె చదువుత. గని పెద్దగ చేస్తె ఎక్కడున్ననో తెల్వకపోయేది. ఎవరికీ చెప్పలే, పని పోతదని."

"కాశప్పన్నకు?"

"చెప్పలే. ఒకనాడు రెండుసార్లు అడిగిన, 'అన్నా, ఏ వరుస' అని. మూడోసారి అడిగే పని వడలే. తెల్లారి పట్టీలు అతికించిండు." ఆమె నవ్వింది. "ఆయనకు తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెల్వదు. నువ్వు చెప్పకు, మజా వోతది."

పట్టీ మూడు తెరలకూ ఎందుకు పడిందో అప్పుడు అర్థమైంది. గదిలో కేకలు వింతగా తోచకూడదని బస్సులోనూ, బండి దగ్గరా, ఇంట్లోనూ ఆ పిచ్చిని అంత ధారాళంగా చల్లుకుంటూ వచ్చాడు ఈ మనిషి. ఆ మధ్యాహ్నమంతా నేను కేకలేశాను. "పట్టీ కాడ డెబ్బై మూడు!" మల్లప్ప తలుపులోంచి తొంగిచూసి, "నీకూ అంటుకున్నదా?" అని జాలిపడ్డాడు.

సోమవారం మా యజమాని జీవరాజ్ సేట్ వచ్చి కూర్చున్నాడు. సంగమేష్ రంగుల తెర ముందు, మహానందక్క నల్ల తెర ముందు. పరీక్ష కాబట్టి కేకలు నిషిద్ధం. కాశప్పన్న రెండు చేతులతో నోరు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. మూసిన చేతుల వెనక బుగ్గలు ఉబ్బుతున్నాయి.

మహానందక్క వేళ్లు కాసేపు ఆగిపోయాయి. తర్వాత, అందరూ చూస్తుండగా, ఆ బటన్ నొక్కింది. అక్షరాలు ఉబ్బాయి.

"గింత పెద్దగెందుకు?" అన్నాడు సంగమేష్.

"నాకు చిన్నయి కనవడయ్ సేట్," అంది ఆమె, తెర మీంచి ముఖం తిప్పకుండా. "రెండేండ్లాయె. గిట్లయితె చదువుత."

వరుసలు ఒక్కొక్కటిగా ఎర్ర పట్టీ దగ్గరికి వచ్చి, ఆమె కోసం ఒక్క క్షణం ఆగి, పైకి తేలిపోతున్నాయి.

"ఇగో, ఈడ! వేడి పెరుగుతాంది, ఒత్తిడి తగ్గుతాంది. ఇంకో ఏడు నిమిషాలల్ల మూతలు కరుగుతయ్."

"ఒక్క నిమిషం సేట్," అన్నాడు సంగమేష్ తెరంతా గాలిస్తూ. "ఇక్కడనే ఉండె..."

"నువ్వు మెల్లగ వెతుకు," అన్నాడు సేట్ లేస్తూ. "మహానందమ్మా, నల్లదే ఉండనియ్. నాకు మూతలు కరగకుంటె సాలు. అక్షరాలు ఎంత పెద్దగున్నయో నాకెందుకు?"

సాయంత్రం ఫిలిప్పు బండి దగ్గర కాశప్పన్న నా చెవి దగ్గరికి వంగి, ప్రపంచంలోనే అతి చెత్త నటన మొదలుపెట్టాడు.

"ఏందీ, మహానందకు కనవడదా? నాకు తెల్వనే తెల్వదు!"

"కండ్లు మసక గద, గమనించలేదేమో అన్నా."

"గదే, గదే," అన్నాడు, రోడ్డు అవతల పోతున్న ఆటో వెనక రాసిన ఫోన్ నంబరును పైకి చదువుతూ.

"ఇగ కేకలు బంద్ చెయ్యొచ్చు," అన్నాను.

"అలవాటైంది తమ్మీ." కప్పు అందుకుని, తొమ్మిది నెలల్లో మొదటిసారి తడుముకున్నాడు. "ఇంతకు... బర్రె ఎక్కడున్నది?"

"లడ్డూల గంగాళం కాడ," అంది పక్కనే నిలబడ్డ మహానందక్క, చాయ్ ఊదుకుంటూ. "షామియానా మెడలేసుకొని, మూతి ముందటికి వెట్టింది. పోయిన గురువారం ఆడ ఆపినవ్ అన్నా."

కాశప్పన్న ఆమె వైపు చూశాడు. ఆమె తన కప్పు వైపు చూసుకుంది. ఆయన గొంతు సవరించుకుని నోరు తెరిచేసరికి, నెత్తిమీద విమానం. తుంపరలో తడిసిన ఆకాశమంతా మోత.

ఫిలిప్పు పాలగిన్నె పట్టుకునే నిలబడ్డాడు. మేమెవరం కదలలేదు. బర్రె కూడా మూతి అక్కడే పెట్టుకుని, ఓపికగా, మా అందరితో పాటు ఆగింది.